ఇడ్లీ ఎంత, దోసె ఎంత: టిఫిన్ హోటల్ లాభానికి ఏకఘాత ప్రణాళిక

టిఫిన్ హోటల్ లాభనష్టాలు చాలావరకు ముందురోజు సాయంత్రమే తేలిపోతాయి. మినపప్పు నానబెట్టి, రుబ్బి, రాత్రంతా పులియనిస్తే తప్ప మర్నాటి ఇడ్లీకి, దోసెకు పిండి సిద్ధం కాదు కనుక, తెల్లవారి ఎవరు వస్తారో, ఏమి అడుగుతారో తెలియకముందే ఏ పిండి ఎంత రుబ్బాలో నిర్ణయించుకోవలసి వస్తుంది. అనుభవం గల యజమానులు ఈ నిర్ణయాన్ని అలవాటును బట్టి, నిన్నటి అమ్మకాలను బట్టి, అన్నిటికంటే ఎక్కువగా ప్లేటుకు ఎంత మిగులుతుందన్న లెక్కను బట్టి తీసుకుంటారు. ప్లేటుకు ఎక్కువ మిగిలే పదార్థాన్ని వీలైనంత ఎక్కువగా చేయాలన్న ఈ సూత్రం వినడానికి సహేతుకంగానే ఉంటుంది గాని, వంటగదిలో మనుషులు, యంత్రాలు, సమయం పరిమితంగా ఉన్నప్పుడు అది తరచుగా తప్పుదారి పట్టిస్తుంది. ఆ తప్పు ఎక్కడుందో, దాని ఖరీదు ఎంతో రూపాయల్లో చూపించగల గణిత పద్ధతి లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే ఏకఘాత ప్రణాళిక. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పటి పదో తరగతి గణితంలో ఇది ఒక అధ్యాయం. గ్రాఫు కాగితం మీద గీతలు గీసి, వాటి మధ్య ప్రాంతానికి రంగు వేసి, మూలల దగ్గర విలువలు లెక్కించడం ఆ రోజుల్లో చదివినవారికి గుర్తుండే ఉంటుంది. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయిన ఆ పాఠం నిజానికి వంటగదికీ, గల్లాపెట్టెకూ దగ్గరి చుట్టం.

పద్ధతిని వివరించడానికి అంకెలు సులువుగా ఉండేలా ఒక హోటల్‌ను ఊహించుకోవచ్చు. అందులో ఉదయం రద్దీ మూడు గంటలు. అమ్మేవి రెండే: ఇడ్లీ, మసాలా దోసె. ఇడ్లీ ప్లేటు ధర 40 రూపాయలు, దానిలోని సరుకులకూ గ్యాసుకూ అయ్యే ఖర్చు 20. దోసె ధర 70, ఖర్చు 40. కనుక ఇడ్లీ ప్లేటుకు 20 రూపాయలు, దోసెకు 30 రూపాయలు మిగులుతాయి. ఈ మిగులులోంచి అద్దె, జీతాలు, కరెంటు బిల్లు తీసివేయలేదు, తీసివేయకూడదు కూడా. పది దోసెలు ఎక్కువ వేసినా తక్కువ వేసినా ఆ ఖర్చులు మారవు కనుక, ఏది ఎంత చేయాలన్న ప్రశ్నకు వాటితో సంబంధం లేదు. ప్రతి ప్లేటు మీదా అద్దెలో కొంత వాటా వేసి ‘అసలు లాభం’ తేల్చాలని చూసే లెక్కలు ఈ నిర్ణయానికి సాయపడకపోగా దాన్ని మసకబారుస్తాయి.

ఇక పరిమితులు మూడు. గ్రైండరు ఒక రాత్రికి 12 కిలోల మినపప్పుకు మించి రుబ్బలేదు. ఇడ్లీ ప్లేటుకు 30 గ్రాములు, దోసెకు 20 గ్రాముల పప్పు పడుతుంది. వంటగదిలో ఐదుగురు పనిచేస్తారు గనుక మూడు గంటలకు 900 నిమిషాల శ్రమ అందుబాటులో ఉంటుంది. చట్నీ, సాంబారు, కూర, వడ్డన అన్నీ కలుపుకొని ఇడ్లీ ప్లేటుకు ఒకటిన్నర నిమిషం, దోసెకు మూడు నిమిషాలు ఖర్చవుతాయి. పెనం మీద ఒకేసారి మూడు దోసెలు పడతాయి, ఒక్కొక్కటి కాలడానికి మూడు నిమిషాలు కావాలి. అంటే మూడు గంటల్లో 180 దోసెలకు మించి రావు. ఇడ్లీల సంఖ్యను ‘ఇ’ అని, దోసెల సంఖ్యను ‘ద’ అని అనుకుంటే, పెంచవలసిన మొత్తం 20ఇ + 30ద. దీనినే లక్ష్య ప్రమేయం అంటారు. పప్పు, శ్రమ, పెనం విధించే హద్దులను నియమాలు అంటారు. లక్ష్యంలో గాని, నియమాల్లో గాని ఇ, ద అనేవి వర్గాలుగా, ఒకదానితో ఒకటి గుణించుకుంటూ రావు. ఒక ప్లేటుకు పట్టేదానికి రెట్టింపు రెండు ప్లేట్లకు పడుతుందన్న ఈ సరళ సంబంధమే ఏకఘాతం. గ్రాఫు మీద ప్రతి నియమమూ ఒక సరళరేఖగా కనిపించడానికి కారణం కూడా అదే.

ఆ రేఖలన్నిటి లోపల మిగిలిన ప్రాంతం వంటగదికి సాధ్యమైన ప్రణాళికలన్నిటినీ సూచిస్తుంది. అందులో వేల బిందువులున్నా వాటన్నిటినీ పరీక్షించనక్కరలేదు. ఏకఘాత సమస్యలో అత్యధిక లాభమంటూ ఉంటే అది ఏదో ఒక మూల దగ్గర తప్పక దొరుకుతుందన్నది ఈ గణితంలోని మూల సిద్ధాంతం. ఈ హోటల్ విషయంలో పరీక్షించదగిన మూలలు నాలుగు. ఇడ్లీలు మాత్రమే చేస్తే 400 ప్లేట్లు, లాభం 8,000 రూపాయలు. దోసెలు మాత్రమే వేస్తే 180, లాభం 5,400. దోసెకే ఎక్కువ మిగులుతుంది గనుక ముందు పెనం నిండుగా 180 దోసెలు వేసి, మిగిలిన శ్రమతో 240 ప్లేట్ల ఇడ్లీ చేస్తే లాభం 10,200. నాలుగో మూల దగ్గర 300 ప్లేట్ల ఇడ్లీ, 150 దోసెలు, లాభం 10,500. ప్లేటు లాభాన్ని నమ్ముకున్న యజమాని రోజుకు 300 రూపాయలు పోగొట్టుకుంటున్నాడు. రోజూ తెరిచే హోటల్‌లో ఏడాదికి అది లక్ష రూపాయలు దాటుతుంది. ఒక్క ప్లేటు కూడా ధర పెంచకుండా, కొత్త మనిషిని పెట్టుకోకుండా, కేవలం నానబోసే కొలతలు మార్చినందుకు దక్కే తేడా ఇది.

ఈ ఫలితం వెనుక ఉన్న కారణాన్ని శ్రద్ధగా గమనించాలి. దోసె ప్లేటుకు 30 రూపాయలు ఇచ్చినా శ్రమ నిమిషానికి ఇచ్చేది 10 రూపాయలే. ఇడ్లీ నిమిషానికి 13 రూపాయలకు పైగా ఇస్తుంది. మరోవైపు, కిలో మినపప్పును దోసెలుగా మారిస్తే 1,500 రూపాయలు, ఇడ్లీలుగా మారిస్తే 667 రూపాయలు మిగులుతాయి. శ్రమను కొలబద్దగా తీసుకుంటే ఇడ్లీ మేలు, పప్పును తీసుకుంటే దోసె మేలు. రెండు వనరులూ ఒకేసారి కొరతగా ఉన్నప్పుడు ఏ ఒక్క కొలబద్దా సమాధానం చెప్పలేదు. వాటి మధ్య తూకం కుదిరే చోటును లెక్క వేసి కనుక్కోవలసిందే. ఇరవై రకాల టిఫిన్లు, పదిహేను పరిమితులు ఉన్న వంటగదిలో ఆ తూకాన్ని ఊహతో పట్టుకోవడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా కష్టం.

ఈ శాస్త్రం పుట్టింది వంటగదిలో కాదు గాని, తిండితో దాని అనుబంధం మొదటినుంచీ ఉంది. 1939లో లెనిన్‌గ్రాద్‌లో లియోనిద్ కంటరోవిచ్ ప్లైవుడ్ కర్మాగారాల యంత్రాలకు పని పంచడం గురించి ఆలోచిస్తూ ఈ రకం సమస్యలను మొదటిసారి క్రమపద్ధతిలో సాధించాడు. అమెరికాలో ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1945లో ప్రచురించిన వ్యాసంలో, ఒక మనిషికి కావలసిన తొమ్మిది పోషకాలు 77 ఆహార పదార్థాల నుంచి అతి తక్కువ ఖర్చుతో ఎలా సమకూర్చుకోవచ్చునన్న ప్రశ్న వేసి, 1939 నాటి ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లని దాదాపు చేతిలెక్కతో అంచనా కట్టాడు. కచ్చితమైన సమాధానం కనుక్కునే పద్ధతి అప్పటికి ఆయనకు అందుబాటులో లేదు. 1947లో అమెరికా వైమానిక దళంలో పనిచేస్తున్న జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని రూపొందించాడు: ఏదో ఒక మూల దగ్గర మొదలుపెట్టి, అక్కడినుంచి లాభం పెరిగే పక్క మూలకు నడుస్తూ, ఇక ఏ వైపుకు కదిలినా పెరగదన్నప్పుడు ఆగిపోవడం దాని సారాంశం. ఆ ఏడాదే జాక్ లేడర్‌మన్ ఈ పద్ధతికి పరీక్షగా స్టిగ్లర్ ఆహార సమస్యనే ఎంచుకున్నాడు. తొమ్మిదిమంది గుమాస్తాలు చేతి గణన యంత్రాలతో మొత్తం 120 పనిదినాల శ్రమ చేసి తేల్చిన సమాధానం 39.69 డాలర్లు; స్టిగ్లర్ అంచనాకు తేడా పావు డాలరు కన్నా తక్కువ. కంటరోవిచ్‌కు, ఇదే రంగంలో పనిచేసిన ఆర్థికవేత్త త్యాలింగ్ కూప్‌మన్స్‌కు 1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. డాంట్జిగ్‌కు దక్కకపోవడం ఆ బహుమతి చరిత్రలో పూడ్చలేని లోటు. 1964 నాటికి జోసెఫ్ బాలింట్‌ఫీ కంప్యూటర్ సాయంతో ఆసుపత్రుల భోజన పట్టికలు తయారుచేసే పద్ధతిని ప్రచురించాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేసిన కట్టా గోపాలకృష్ణ మూర్తి 1983లో ఏకఘాత ప్రణాళిక మీద వెలువరించిన గ్రంథం ఆ రంగంలో పేరెన్నికగన్నది. నాటి గుమాస్తాలు 120 పనిదినాలు వెచ్చించి చేసిన గణనను నేడు ఎక్సెల్‌లోని సాల్వర్ గాని, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ గాని క్షణంలో పూర్తిచేస్తుంది.

ఎన్ని ప్లేట్లు చేయాలో చెప్పడంతో ఈ పద్ధతి పని పూర్తయిందనుకుంటే దాని విలువలో సగం కూడా గ్రహించనట్టే. ప్రతి ఏకఘాత సమస్యకూ వెనుకవైపు దానికి ద్వంద్వమైన మరో సమస్య ఉంటుంది. మొదటిది పదార్థాల పరిమాణాలను కనుక్కుంటే రెండోది వనరుల విలువలను కనుక్కుంటుంది. ఆ విలువలను ఛాయా ధరలు అంటారు. ఒక వనరు ఇంకొక్క యూనిట్ ఎక్కువ దొరికితే మొత్తం లాభం ఎంత పెరుగుతుందో చెప్పేదే దాని ఛాయా ధర. ఇది బజారు ధర కాదు. ఆ వంటగదిలో, ఆ రోజు, ఆ కొరతల మధ్య ఆ వనరుకున్న నిజమైన విలువ.

పై హోటల్‌లో గ్రైండరు సామర్థ్యానికి ఛాయా ధర కిలో పప్పుకు 250 రూపాయలు, శ్రమకు గంటకు 500 రూపాయలు, పెనానికి సున్నా. కిలో పప్పు అదనంగా రుబ్బే వీలుంటే సరైన ప్రణాళిక 350 ఇడ్లీలకు, 125 దోసెలకు మారి లాభం 10,750 అవుతుంది. ఈ 250 రూపాయలు పప్పు ఖరీదు పోగా వచ్చేవి, ఎందుకంటే పప్పు ఖరీదు ప్లేటు ఖర్చులో ముందే చేరి ఉంది. 12 కిలోల పప్పు, 15 గంటల శ్రమ విలువను ఛాయా ధరల్లో కూడితే 3,000, 7,500 కలిసి సరిగ్గా 10,500 వస్తుంది. లాభం మొత్తం ఏ వనరు వల్ల ఎంత వచ్చిందో పైసా మిగలకుండా పంచి చూపించే ఈ సమానత్వం ఈ గణితంలోకెల్లా అందమైన ఫలితం.

పెనం ఛాయా ధర సున్నా కావడం వ్యాపారరీత్యా చాలా ముఖ్యమైన సమాచారం. రద్దీ వేళ పెనం చుట్టూ హడావుడి కంటికి కనిపిస్తుంది, దోసె ఆలస్యమైందన్న ఫిర్యాదులు చెవిన పడతాయి గనుక, డబ్బు చేతికి రాగానే యజమానికి తట్టే మొదటి ఆలోచన రెండో పెనం. కాని ఈ ప్రణాళికలో పెనం మీద ఇంకా 30 దోసెలకు చోటు మిగిలే ఉంది; రెండో పెనం కొన్నా లాభం ఒక్క రూపాయి పెరగదు. కొరత ఉన్నది చేతులకు, గ్రైండరుకు. అయితే ఛాయా ధరలకు కూడా హద్దులుంటాయి. శ్రమ ఒక గంట పెరిగితే 280 ఇడ్లీలు, 180 దోసెలు చేసి 11,000 రూపాయలు సంపాదించవచ్చు. సరిగ్గా అక్కడ పెనం నిండిపోతుంది. ఆ తరువాత ఎన్ని గంటల శ్రమ చేర్చినా ఫలితం ఉండదు. మూడు గంటలకు ఆరో మనిషిని పెట్టుకుంటే 1,500 రూపాయలు కలిసివస్తాయని లెక్క వేసే యజమానికి నిజంగా వచ్చేది 500 మాత్రమే. ఆ స్థితిలో మాత్రం, అంతదాకా విలువలేని రెండో పెనం విలువైనదవుతుంది. ఏ పెట్టుబడి ముందు, ఏది తరువాత అన్న క్రమాన్ని ఇంత తేటగా చెప్పగల లెక్క మరొకటి లేదు.

మెనూలో కొత్త పదార్థాన్ని చేర్చాలా వద్దా అన్న ప్రశ్నకు కూడా ఛాయా ధరలే జవాబిస్తాయి. పెసరట్టుకు మినపప్పు అక్కరలేదు, పిండి పులియనక్కరలేదు, పెనం మీద చోటు ఖాళీగా ఉంది, ప్లేటుకు 32 రూపాయలు మిగులుతుంది; ఇడ్లీ, దోసెల కంటే ఎక్కువే కనుక చేర్చడం మంచిదనిపిస్తుంది. కాని ఉదయమే పెసలు రుబ్బుకోవడం, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లి తరగడం, కాల్చడం కలిపి దానికి నాలుగు నిమిషాలు పడితే, ఆ నాలుగు నిమిషాల విలువ నిమిషానికి 8.33 రూపాయల చొప్పున 33.33 రూపాయలు. కాబట్టి ప్రతి పెసరట్టూ మొత్తం లాభాన్ని రూపాయిన్నర వరకు తగ్గిస్తుంది. ధర రెండు రూపాయలు పెంచితే, లేదా పని అరనిమిషం తగ్గితే, అదే పెసరట్టు లాభదాయకమవుతుంది. ఆ పదార్థాన్ని ఆపేయాలా, ధర మార్చాలా, కూరలు ముందురోజు రాత్రే తరిగి పెట్టుకోవాలా అన్నది యజమాని నిర్ణయం. లాభానికి ఆ పదార్థం ఎంత దూరంలో ఉందో మాత్రం లెక్క చెబుతుంది.

బంగాళాదుంప, ఉల్లి ధరలు వారం వారం మారుతుంటే ప్రణాళికను కూడా మార్చుతూ పోవాలేమోనన్న సందేహం సహజం. ఇడ్లీ మిగులు 20 రూపాయలుగా ఉన్నంతవరకు దోసె మిగులు సుమారు 13 నుంచి 40 రూపాయల మధ్య ఎక్కడున్నా సరైన ప్రణాళిక 300 ఇడ్లీలు, 150 దోసెలే. కూర ఖరీదు పెరిగి దోసె మిగులు 26కు పడిపోతే ఆ రోజు లాభం 600 రూపాయలు తగ్గుతుంది గాని, నానబోసే కొలత మారదు.

ఈ పద్ధతికి తెలిసింది చెప్పిన నియమాలు మాత్రమే, చెప్పనివి ఒక్కటీ తెలియవు. 1950ల తొలినాళ్లలో డాంట్జిగ్ తన బరువు తగ్గించుకోవడానికి కడుపు నిండినట్టనిపించే ఆహార ప్రణాళికను కంప్యూటర్‌తో వేయించినప్పుడు, అది రోజుకు వందల గ్యాలన్ల వెనిగర్ తాగమంది. వెనిగర్‌ను తీసేస్తే సూపు తయారుచేసే బిళ్లలు రోజుకు రెండువందలు తినమంది. ఏ పదార్థానికైనా గరిష్ఠ పరిమితి పెట్టాలన్నది అంతకుముందు ఎవరికీ తోచలేదు. హోటల్ లెక్కలో కూడా ఇదే ప్రమాదం ఉంది. 300 ఇడ్లీ ప్లేట్లు తినేవారు ఆ వీధిలో ఉన్నారా అన్నది పై మూడు నియమాల్లో ఎక్కడా లేదు. గిరాకీకి విడిగా ఒక హద్దు రాయాలి. నలుగురు కలిసి వచ్చిన కుటుంబంలో ఒకరికి పెసరట్టు దొరకకపోతే నలుగురూ లేచిపోవచ్చు గనుక, లెక్క వద్దన్న పదార్థాన్ని కూడా కనీసం ఇన్ని ప్లేట్లు ఉంచాలన్న నియమం అవసరం కావచ్చు. మూడు గంటల నిమిషాలన్నీ ఒకటి కావు. ఏడు గంటలకు ఖాళీగా గడిచిన నిమిషాన్ని ఎనిమిదిన్నర రద్దీలో వాడుకోలేరు గనుక, అరగంటకొక శ్రమ నియమం విడివిడిగా రాయడం మేలు. గారెలు, పూరీలు వేసే హోటల్‌లో కాగిన నూనెను మళ్లీ మళ్లీ వాడడానికి కూడా హద్దుండాలి; పదేపదే కాగడం వల్ల నూనెలో పెరిగే పోలార్ పదార్థాల మొత్తం 25 శాతం మించరాదని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ విధించిన పరిమితి 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. సాల్వర్‌కు ఆ సంగతి చెప్పకపోతే అది పాత నూనెనే చవకైన వనరుగా ఎంచుకుంటుంది.

అనిశ్చితి మరింత కఠినమైన చిక్కు. రేపు వచ్చేవారి సంఖ్య తెలియకుండా పిండి రుబ్బవలసి రావడం ఈ వ్యాపార స్వభావంలోనే ఉంది. ఇలాంటి సమస్యల కోసం డాంట్జిగ్ 1955లోనే అనిశ్చితి కింద ఏకఘాత ప్రణాళికను ప్రతిపాదించాడు: ఈ రాత్రి చేయవలసిన నిర్ణయాన్ని, రేపు పరిస్థితి చూసి సర్దుబాటు చేసుకోగల నిర్ణయాన్ని రెండు దశలుగా విడదీసి, వానపడే రోజు, పండుగ రోజు, మామూలు రోజు అన్న పరిస్థితులన్నిటికీ కలిపి సగటు లాభాన్ని పెంచడం అందులోని పద్ధతి. ఇడ్లీ పిండి మిగిలితే మధ్యాహ్నం ఊతప్పంగా మార్చుకునే అలవాటు ఆ రెండో దశకు చక్కని ఉదాహరణ. ఇక సమాధానం భిన్న సంఖ్యగా వచ్చినప్పుడు పూర్ణ సంఖ్యకు సర్దుకోవడం వందల ప్లేట్ల స్థాయిలో పెద్ద సమస్య కాదు.

నియమాలన్నిటిలో యజమానులు సాధారణంగా రాయనిది, తప్పక రాయవలసినది ఒకటుంది. 900 నిమిషాల శ్రమ అన్న అంకెలో ఐదుగురు మనుషులు మూడు గంటలపాటు పొయ్యి వేడిలో ఒక్క క్షణం ఆగకుండా పనిచేస్తారన్న ఊహ దాగి ఉంది. మొదటి గంటలో మూడు నిమిషాలకు పూర్తయ్యే దోసె పని మూడో గంటలో అలసిన చేతుల్లో మూడు నిమిషాలకే పూర్తి కాదు గనుక ఆ ఊహ అమానుషమైనదే కాక గణితపరంగా తప్పు కూడా. ఒక్కొక్కరికి 12 నిమిషాల విరామం ఇచ్చి శ్రమ నియమాన్ని 840 నిమిషాలుగా రాస్తే ప్రణాళిక 320 ఇడ్లీలకు, 120 దోసెలకు మారుతుంది. లాభం 10,000 రూపాయలు. విరామం ఖరీదు ఈ లెక్క ప్రకారం రోజుకు 500 రూపాయలు, మొత్తం లాభంలో ఐదు శాతం లోపు. అలసట వల్ల కోల్పోయే నిమిషాలను కూడా కొలిచి లెక్కలో చేరిస్తే ఆ ఖరీదు ఇంకా తగ్గుతుంది. ఈ కొలతలు తీసుకోవడానికి గడియారం, నోటు పుస్తకం, ఒక వారం ఓపిక చాలు. రద్దీ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి దోసె మాస్టర్ మామూలు వేగంతో పనిచేస్తున్నప్పుడు తీసుకున్న నిమిషాలనే పట్టికలో రాయాలి, యజమాని ఎదురుగా నిలబడి తొందరపెట్టినప్పటివి కాదు.